చేతికి తిరిగొచ్చిన పాస్‌పోర్టు

ఆ ఆఫీసులో వీసా ఇచ్చినవాళ్ళ పాస్‌పోర్టు లోపలే ఉంచేసుకుంటారు. ఇవ్వనివాళ్ళది తిరిగి చేతికిచ్చేస్తారు. ఈ సంగతి నాకూ చెల్లికీ తెలుసు, నాన్నకు తెలియదు. అందుకే మేమిద్దరం గేటు దాటి బయటికి రాగానే, నా చేతిలో పాస్‌పోర్టు చూసి, చెల్లి ఖాళీ చేతులు చూసి, ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చి భుజం తట్టాడు.

"నాకు తెలుసమ్మా నీకొస్తుందని," అన్నాడు. ఆ తరువాత చెల్లి వైపు తిరిగి గొంతు తగ్గించి, "పోన్లేవే, మళ్ళీ పెడదాం," అన్నాడు.

చెల్లి నా చేతిలోని పాస్‌పోర్టు వైపు చూసింది. ఇక నేనే చెప్పాల్సి వచ్చింది.

"దానికొచ్చింది నాన్నా. నాకే రాలేదు."

నాన్న చెయ్యి నా భుజం మీద అలాగే ఉండిపోయింది. తీయాలో ఉంచాలో ఆయనకు తోచలేదు. మా వెనకాల ఎవరో అబ్బాయి ఫోన్లో "వచ్చేసింది, వచ్చేసింది" అంటూ ఫుట్‌పాత్ మీద గుండ్రంగా తిరుగుతున్నాడు. మేం ముగ్గురం అతనికి దారిచ్చి కారు వైపు నడిచాం.

లోపల జరిగింది చెప్పుకోదగ్గంత ఏమీ లేదు. అద్దం వెనక కూర్చున్నావిడ ఏం చదువుతావంది. వినికిడి పరీక్షల చదువు, పై డిగ్రీ, అన్నాను. ఇప్పుడేం చేస్తున్నావంది. క్లినిక్‌లో పనిచేసేదాన్ని, మానేశాను, అన్నాను. ఎందుకు మానేశావంది. చదువుకోవడానికి, అన్నాను. ఆవిడ ఏదో టైపు చేసి, పాస్‌పోర్టులో ఒక కాగితం మడిచిపెట్టి కిటికీ కిందనుంచి నా వైపు తోసింది. చదువయ్యాక తిరిగొస్తారన్న నమ్మకం కలిగేంత బంధాలు మీకు మీ దేశంలో ఉన్నట్టు చూపలేకపోయారు, దీని మీద అప్పీలు లేదు, కావాలంటే మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. అంతే అందులో ఉన్నది. పక్క కిటికీ దగ్గర చెల్లి ఇంకా నవ్వుతూ మాట్లాడుతోంది. అదీ నాలాంటి జవాబులే చెప్పింది. మా ఇద్దరికీ అమ్మా నాన్నా ఒక్కరే, ఇల్లు ఒక్కటే, బ్యాంకు కాగితాలు కూడా ఒక్కటే.

నాకు ఏమీ అనిపించలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప మనది కానట్టు ఉంటుంది చూడండి, కొరుక్కున్నా తెలియదు. అలా ఉంది. కాసేపట్లో దిగుతుందనుకున్నాను.

మా నాన్నది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఒక కారు, దాని నెత్తిన ఒక బోర్డు, ఆయన. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని తొక్కడానికి ఎడం సీటు కింద కూడా బ్రేకు, క్లచ్చు ఉంటాయి. అందువల్ల మేం ఆ కార్లో ఎక్కడికెళ్ళినా ముందు కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి నేర్పిన మనిషి, ఎవరు నడుపుతున్నా తన కాలు ఆ రెండో బ్రేకు మీద నుంచి తీసి ఎరగడు. ఇంట్లోనూ అంతే.

మొదట విదేశం వెళ్ళి చదువుతానన్నది నేను. "ఒక్కదాన్ని పంపను," అన్నాడు నాన్న. ఎన్ని విధాల అడిగినా అదే మాట. ఏడాది గడిచేసరికి చెల్లి డిగ్రీ కూడా అయిపోయింది. "ఇద్దరూ అయితే సరే. ఒకరికొకరు తోడుంటారు," అని దిగొచ్చాడు. అలా నా కోసమని చెల్లి చేత కూడా దరఖాస్తు పెట్టించాం. అది మొక్కల తెగుళ్ళ గురించి చదివింది. మొదట్లో నాతో సరదాగా వస్తానన్నట్టు ఉండేది. తరువాత అక్కడి ప్రొఫెసరు ఒకావిడ దానికి స్వయంగా మెయిల్ రాసింది, నా ల్యాబ్‌లో ఈ ఏడు ఒక్కరికే చోటుంది, నువ్వు రా అని. ఆ రోజు నుంచి అది సరదాగా మాట్లాడ్డం మానేసింది. గోడకి ఆకుల బొమ్మలు అంటించుకుంది.

ఆ రోజు సాయంత్రం మావయ్య వచ్చాడు. అమ్మ తమ్ముడు. ఆయనకు తెలియని ఆఫీసు లేదు, అయిన పని కూడా ఒక్కటీ లేదు.

"బంధాలు లేవన్నారా?" అని ఆ కాగితం వెనకా ముందూ తిప్పి చూశాడు. "ఈ కొంపలో ఉన్నవన్నీ బంధాలేగా అక్కా. నన్ను తీసుకెళ్ళి కిటికీ ముందు నిలబెట్టాల్సింది."

"నిన్ను చూస్తే చిన్నదానిక్కూడా ఇచ్చేవాళ్ళు కాదు," అంది అమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఇంకో సందర్భమైతే నవ్వేవాళ్ళమే. మావయ్య కుర్చీ ముందుకు లాక్కుని, వేరే దేశానికి పెట్టొచ్చన్నాడు, మళ్ళీ ఇక్కడే పెట్టొచ్చన్నాడు, ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో కూడా చదివేస్తున్నారట అన్నాడు. అన్నిటికీ నేను "ఆఁ" అన్నాను. చెల్లి వంటింట్లో నిలబడి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతోంది.

నాన్న మటుకు ఒక్క మాటే అన్నాడు. "పెద్దదానికి వచ్చేదాకా చిన్నది కదలదు. ఇద్దరూ అని కదా అనుకున్నాం."

గ్లాసుల చప్పుడు ఆగింది. కాసేపాగి మళ్ళీ మొదలైంది.

మర్నాడు మా దరఖాస్తులు పెట్టించిన కన్సల్టెన్సీకి వెళ్ళాను. అక్కడి సారు మంచివాడే, మెత్తగా మాట్లాడతాడు. గోడ నిండా వీసాలు వచ్చినవాళ్ళ ఫోటోలు. నా ఫోటో కూడా ముందే తీసి పెట్టుకున్నారు. నేను కూర్చున్నాక ఆయన దాన్ని సొరుగులోకి జార్చడం చూశాను.

"అప్పీలుకి లేదమ్మా. మళ్ళీ పెట్టడమే," అన్నాడు. "కాకపోతే అవే కాగితాలతో అదే మాట చెప్తే అదే జవాబొస్తుంది. ఏదో ఒకటి మారాలి. నీ విషయంలో ఉద్యోగం మానేయడం దెబ్బకొట్టింది. మళ్ళీ చేరు. చదువయ్యాక ఇదే చోటికి వస్తానని చూపించు. ఇంకోటి, యూనివర్సిటీకి ఇవాళే రాయి, సీటు వచ్చే టర్ముకి జరపమని. చాలామంది సిగ్గుపడి రాయరు, సీటు పోగొట్టుకుంటారు."

"వేరే దేశానికి పెడితే?"

"పెట్టొచ్చు. కానీ అక్కడ అడుగుతారు, ఎప్పుడైనా కాదన్నారా అని. దాచకూడదు. దాచి దొరికితే అది ఇంతకన్నా పెద్ద చిక్కు." సొరుగు మూశాడు. "ఇక్కడ చదువుకోవడం కూడా ఒక దారే. నేనా మాట చెప్పకూడదు, నా వ్యాపారం పోతుంది."

యూనివర్సిటీకి అక్కడే కూర్చుని రాశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. వచ్చే టర్ముకి జరుపుతాం, ఏం పరవాలేదు, అని. చెల్లి కూడా నాకు చెప్పకుండా వాళ్ళ ప్రొఫెసరుకి రాసింది. ఆవిడ కూడా మర్యాదగానే రాసింది. ల్యాబ్‌లో చోటు ఈ ఏడాదికే, వచ్చే ఏడు ఉంటుందని చెప్పలేను, అని. ఈ సంగతి నాకు చెల్లి చెప్పలేదు, అమ్మ చెప్పింది. ఇస్త్రీ చేస్తూ, బట్ట వైపే చూస్తూ చెప్పింది.

క్లినిక్‌కి వెళ్ళడం అన్నిటికన్నా కష్టం. వెళ్ళిపోతున్నానని నాకు కేకు కోసి, గోడ గడియారం బహుమతిగా ఇచ్చి పంపారు. గడియారం ఇంట్లో మోగుతూనే ఉంది, నేనేమో మళ్ళీ గుమ్మంలో ఉన్నాను. క్లినిక్ నడిపే మేడమ్ నన్ను చూసి అడగాల్సినవేవీ అడగలేదు.

"నీ కుర్చీలో కొత్తమ్మాయి ఉంది. ఆ పిల్లని లేవమనలేను," అంది. "అచ్చుల గదిలో కూర్చుంటావా?"

అచ్చుల గదిలో పనంటే చెవుల అచ్చులు తీయడం. చెవి మిషన్ పెట్టుకునేవాళ్ళకి వాళ్ళ చెవికే సరిపడే తొడుగు కావాలి. ముందు దారం కట్టిన చిన్న దూది ఉండ చెవిలోపల పెట్టాలి, ముద్ద మరీ లోపలికి పోకుండా. తరువాత రెండు రంగుల మెత్తటి ముద్దలు కలిపి సిరంజిలో పెట్టి నెమ్మదిగా నింపాలి. అది గట్టిపడేదాకా మనిషి దవడ కదపకూడదు. అంటే మాట్లాడకూడదు. ఆ పని నాకు బాగా కుదిరింది. ఎదుటివాళ్ళు మాట్లాడరు, నేను మాట్లాడక్కర్లేదు. గట్టిపడ్డాక దారం పట్టుకుని మెల్లగా తిప్పుతూ లాగితే, లోపలి మలుపులతో సహా చెవి బయటికొస్తుంది. రోజంతా బల్ల మీద గులాబీ రంగు చెవులు వరసగా ఆరుతూ ఉండేవి.

ఒక పెద్దాయన, పూర్వం రేడియోలు బాగుచేసేవాడట, ముద్ద పెట్టిన తరువాత అద్దంలో నన్నే చూస్తూ కూర్చున్నాడు. తీశాక అన్నాడు, "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందండీ."

"నాకు వినపడదు కానీ కనపడుతుంది," అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక ఆ అచ్చు మీద పేరు రాయడం మర్చిపోయి, సాయంత్రం బల్ల మీదున్న చెవులన్నీ తిరగేసి ఆయనదేదో వెతుక్కున్నాను.

వీధిలో ఇంకో బాధ. కనపడ్డ ప్రతి ఒక్కరూ "ఇంకా వెళ్ళలేదా?" అనేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు, మేమే చాటింపు వేసుకున్నాం. మొదట్లో అసలు సంగతి చెప్పేదాన్ని. వాళ్ళ మొహం పడిపోయేది, వాళ్ళని నేను ఓదార్చాల్సి వచ్చేది. ఆ తరువాత "ఇదిగో, వెళ్తున్నా" అనడం మొదలుపెట్టాను. నేను వెళ్తున్నది క్లినిక్‌కే కాబట్టి అది అబద్ధమూ కాదు.

హాల్లో రెండు సూట్‌కేసులు పక్కపక్కన ఉండేవి. నా మంచి బట్టలన్నీ నా దాంట్లో సర్దేశాను గనక, రోజూ పొద్దున అందులోంచే ఒక జత తీసి వేసుకునేదాన్ని. ఉతికాక అమ్మ వాటిని బీరువాలో పెట్టేది. ఎవరూ అనుకుని చేసింది కాదు కానీ, నా సూట్‌కేసు అలా రోజుకింత ఖాళీ అవుతూ వచ్చింది. చెల్లిది సగం సర్ది ఎలా వదిలేసిందో అలాగే ఉంది. అది దాని వైపు చూసేది కాదు. దాన్ని దాటి వెళ్ళాల్సి వస్తే గోడవారగా వెళ్ళేది.

ఒకరోజు నేను క్లినిక్ నుంచి వచ్చేసరికి అది గోడ మీద ఆకుల బొమ్మలు తీసేస్తోంది. గోళ్ళతో టేపు గీకుతోంది.

"ఎందుకే తీస్తున్నావ్?"

"రంగు పాడవుతోంది."

"ఏ రంగు?"

అది ఇంకో బొమ్మ ఊడదీసింది. నా వైపు తిరక్కుండానే, "అక్కా, నా మీద కోపంగా ఉంటే తిట్టొచ్చు కదా," అంది.

"కోపం లేదే."

"నిజంగా?"

"నిజంగా. ఏమీ లేదు."

అది ఇటు తిరిగి నా మొహంలోకి చూసింది. కోపం ఉందేమోనని కాదు, ఏదైనా ఉందేమోనని. చూసి, మళ్ళీ టేపు గీకడం మొదలుపెట్టింది. నేను ఉన్నమాటే చెప్పాను. చెల్లికి ఆ మాట తిట్టుకన్నా ఎక్కువైందని అర్థమైంది, కానీ సర్దిచెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

రెండో ఇంటర్వ్యూ వానలు మొదలయ్యాక వచ్చింది. ఈసారి క్లినిక్ ఇచ్చిన ఉత్తరం ఉంది, తిరిగొచ్చాక నన్ను పెట్టుకుంటామని మేడమ్ సంతకం ఉంది. కన్సల్టెన్సీ సారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడిగి అడిగి తయారుచేశాడు. నాకు మాటలు నోటికొచ్చేశాయి. బాగా నోటికొచ్చేశాయేమో. ఈసారి కిటికీ వెనక ఒకాయన ఉన్నాడు. క్లినిక్ ఉత్తరం ఇవ్వబోతే అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందన్నాడు. ఉద్యోగం, అన్నాను. ఆయన తెర మీద ఏదో చదివాడు, తల పంకించాడు. పాస్‌పోర్టు, కాగితం. అదే కాగితం, అవే మాటలు.

బయటికొస్తే సన్నగా వాన పడుతోంది. నాన్న, చెల్లి కార్లోనే ఉన్నారు. ఈసారి నాన్నకు పాస్‌పోర్టు సంగతి తెలుసు. నా చేతి వైపు చూసి, ముందు తలుపు తీశాడు. నేను కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. అద్దం మీద వైపర్లు తిరుగుతున్నాయి. రెండు వీధులు దాటాం.

"పోన్లే," అన్నాడు నాన్న చివరికి. "ఒకందుకు మంచిదే. ఇద్దరూ ఇక్కడే ఉంటారు."

వెనక సీట్లోంచి చెల్లి, "సరే నాన్నా," అంది. బస్సు టికెట్టు తీసుకోమంటే అన్నంత మామూలుగా అంది.

ఆ 'సరే' విన్నాక నేను మాట్లాడాను. ఆలోచించి కాదు. దానికోసం త్యాగం చేద్దామనీ కాదు, నా దగ్గర అప్పుడు త్యాగం చేసేంత ఏమీ లేదు. ఒక లెక్క తప్పుగా ఉందని తెలిసినప్పుడు చెప్పేస్తాం చూడండి, అలా.

"నాన్నా, నాకు వచ్చున్నా మేం ఒకచోట ఉండేవాళ్ళం కాదు."

"అంటే?"

"మా రెండు యూనివర్సిటీలూ ఒక ఊళ్ళో లేవు. దానిదొక ఊరు, నాదొక ఊరు. రైల్లో ఒక పూట ప్రయాణం."

నాన్న రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "ఒకే గదిలో ఉంటారనుకున్నాను," అన్నాడు.

"నువ్వు అనుకున్నావు. మేం కాదనలేదు."

"మీ అమ్మకు తెలుసా?"

"తెలుసు."

ఆయన ఇండికేటర్ వేశాడు. వెనక అద్దంలో చూసుకుని, నేర్చుకునేవాళ్ళకి ఎలా చెప్తాడో అలాగే పద్ధతిగా కారు పక్కకి తీసి ఆపాడు. ఒక చెప్పుల షాపు ముందు. షాపు కుర్రవాడు గొడుగు పట్టుకుని వచ్చి అద్దంలోంచి తొంగిచూసి, మేం దిగేవాళ్ళం కాదని తెలిసి వెళ్ళిపోయాడు.

"అయితే నాకొక్కడికే తెలీదన్నమాట," అన్నాడు నాన్న.

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని వాన చూస్తూ కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన ఏదో తనలో తనే కూడుకుంటున్నట్టు పెదాలు కదిపాడు. ఆ తరువాత, "అది నాకు చెప్పి ఉంటే, పోయినేడే నిన్ను..." అని ఆపేశాడు. ఆ మాట పూర్తిచేస్తే ఎక్కడికి పోతుందో ఆయనకు తెలిసినట్టుంది. పోయినేడు నేను ఉద్యోగం మానకముందు ఒక్కదాన్నే వెళ్తానని అడిగాను. కాదన్నది ఆయనే.

"దాని సీటు ఈ ఏడాదికే నాన్నా," అన్నాను. "నేను ఇక్కడ ఏదో ఒకటి చూసుకుంటాను. అది వెళ్ళాలి."

నాన్న కారు తీశాడు. ఇల్లు చేరాం. మేమిద్దరం దిగిపోయినా ఆయన కాసేపు కార్లోనే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి హాల్లో చప్పుళ్ళు. నాన్న పాత సామాన్ల దుకాణంలో ఎక్కడో అడిగి తెచ్చిన కొక్కెం త్రాసుకి చెల్లి సూట్‌కేసు తగిలించి, రెండు చేతులతో పైకెత్తి, ముల్లు చూడ్డానికి మెడ సాచుతున్నాడు. చెల్లి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇంకా బోలెడు పడుతుంది," అన్నాడు దానివైపు చూడకుండా. "ఆ ఆకులవీ కూడా పెట్టుకో."

చెల్లి ఆ నెలాఖరులోపే వెళ్ళింది. విమానాశ్రయంలో అమ్మ ఏడ్చింది, చెల్లి ఏడ్చింది, మావయ్య అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు. నాన్న దానికి రోడ్డు దాటేటప్పుడు ఎటువైపు ముందు చూడాలో మళ్ళీ మళ్ళీ చెప్పాడు. అక్కడ బళ్ళు రెండో పక్కన నడుస్తాయట. అది లోపలికి వెళ్ళేముందు నన్ను గట్టిగా పట్టుకుంది. దాని జుట్టు వాసన, దాని భుజం ఎముక, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ఎవరికో జరుగుతున్నట్టు తెలుస్తున్నాయి. నేను దాని వీపు మీద నిమిరాను. అలాంటప్పుడు నిమరాలని తెలుసు కాబట్టి.

ఆ కిటికీ దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు, తరువాత ఆ పని పడలేదు. యూనివర్సిటీ జరిపిన సీటు గడువు దాటి దానంతటదే పోయింది. మేడమే ఒకరోజు చెప్పింది, పెద్దాసుపత్రి కాలేజీలో నా చదువుకే పై డిగ్రీ కొత్తగా పెట్టారని, ఇంకా సీట్లు నిండలేదని. "వెళ్ళి అడిగితే పోయేదేముంది?" అంది. ఆ మాట నిజమే. పోవడానికి ఏమీ మిగల్లేదు. వెళ్ళాను.

ఆ గదిలో ముగ్గురు కూర్చున్నారు. ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా టీ కప్పులు పెట్టుకున్నారు. మధ్యలో ఉన్న పెద్దావిడ నా కాగితాలు చూసి అడిగింది, "ఇక్కడే ఎందుకు చదవాలనుకుంటున్నావు?"

నాకు నోటికొచ్చిన జవాబులు చాలా ఉన్నాయి. అన్నీ వేరే కిటికీకి తయారుచేసినవి. ఒక్కటీ బయటికి రాలేదు.

"వేరేచోట చదవాలనుకున్నానండీ. వీసా ఇవ్వలేదు," అన్నాను.

పక్కనున్నాయన టీ కప్పు అడ్డం పెట్టుకుని నవ్వాడు. పెద్దావిడ నవ్వలేదు. "ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"మళ్ళీ పెడతావా?"

"తెలీదండీ."

"సరే. చదువు మధ్యలో వచ్చినా మాకు చెప్పి వెళ్ళు. చెప్పకుండా పోయేవాళ్ళతోనే మాకు ఇబ్బంది." నా దరఖాస్తు మీద ఏదో రాసింది. "సోమవారం నుంచి రా. పొద్దున పెందలాడే రావాలి, ఓపీ జనం ఎక్కువ."

వీధిలోకొచ్చి బస్సెక్కాను. సీటు దొరికింది. ఎవరికీ ఫోన్ చెయ్యాలనిపించలేదు. ఇంట్లో అమ్మ వంటగదిలో ఉంది. ఆవిడ పాఠాలు చెప్పే బడి సెలవులయ్యాక మళ్ళీ తెరిచారు, పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతూ ఒక చేత్తో కూర కలుపుతోంది.

"వచ్చిందమ్మా," అన్నాను. "సోమవారం చేరమన్నారు."

"మంచిది," అంది అమ్మ. నా మొహంలోకి ఒకసారి చూసి, ఇంకేమీ లేదని తెలుసుకుని, మళ్ళీ కాగితం వైపు తిరిగింది. ఆ మధ్య అందరూ నాతో అలా ఉండడం అలవాటు చేసుకున్నారు.

నేను చెప్పులు విప్పి, కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చున్నాను. గిన్నెలోంచి వాసన వస్తోంది. అది పోపు వాసన అని నాకు తెలిసింది. తెలిసిన తరువాత కడుపులో ఎక్కడో కదిలినట్టయింది.

"అమ్మా, ఆకలేస్తోంది."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఎండల్లో ఆ మొదటి కాగితం చేతికొచ్చినప్పటి నుంచి ఆ రోజు దాకా ఆవిడ పెడితే తిన్నాను, తినమంటే తిన్నాను, చాలా అంటే చాలన్నాను. నేనై అడిగింది లేదు. ఆ సంగతి నాకు గుర్తు లేదు, ఆవిడకు ఉంది. స్టవ్ వైపు తిరిగి, వీపు నాకు పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు.

నేను లేచి పళ్ళెం తెచ్చుకున్నాను.